లంక నుంచి వచ్చిన పెట్టలు

కిందటి నెల్లో కొత్తపేటలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. వీధి గేటు తీస్తుండగానే పెరట్లోంచి కోళ్ళ గోల వినిపించింది. అది గుడ్డు పెట్టిన పెట్ట చేసే సందడి కాదు, కుక్కని చూసిన కంగారూ కాదు. కోడిని కోడి తరిమి పొడుస్తున్నప్పుడు వచ్చే అరుపు వేరేగా ఉంటుంది. కోళ్ళ మధ్య పెరిగినవాళ్ళకి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. చేతిసంచీ అరుగు మీద పడేసి, చెప్పులైనా విడవకుండా ఇల్లు చుట్టి వెనక్కి వెళ్ళాను. మా చెల్లెలి కోడలు దేవి చీపురు పట్టుకుని పెరడంతా పరుగులు పెడుతోంది. ఎక్కడి నుంచో అట్టపెట్టెలో తెప్పించిన నాటుకోడి పిల్లలు, ఒక్కొక్కటి పావురమంత ఉన్నాయేమో, నుయ్యి పక్క మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కి తలలు దాచుకుంటున్నాయి. ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న పెట్టలు వంతులు వేసుకున్నట్టు వచ్చి వాటి నెత్తిన పొడిచి పోతున్నాయి.

“పొద్దున్నే తెచ్చేరండి పెద్దత్తయ్యగారూ. తెచ్చినవాటిని తెచ్చినట్టే వదిలేను. అన్నీ ఒక జాతివే కదా, కలిసిపోతాయనుకున్నాను” అంది దేవి, ఆయాసపడుతూ.

“ఒక జాతివి కాబట్టేనే ఈ గొడవ. బాతుల్ని తెచ్చి వదిలుంటే తలెత్తి చూసేవి కూడా కాదు. కోళ్ళ గంప ఎక్కడుంది?” అన్నాను.

కోళ్ళ గంప అనే వస్తువే ఆ ఇంట్లో లేదట. చివరికి ఉతికిన బట్టలు వేసుకునే ప్లాస్టిక్ బుట్ట పట్టుకొచ్చింది. దాన్ని సరిగ్గా పాత కోళ్ళు తిరిగే చోటే బోర్లించి, పిల్లల్ని ఒక్కొక్కటే పట్టి కింద పెట్టి, పైన ఇటుకరాయి బరువు పెట్టించాను. దూరంగా పెడితే మంచిది కదా అని దేవి సందేహం. “దూరంగా ఉంటే ఎన్నాళ్ళకైనా పరాయివే. కళ్ళకి కనపడాలి, ముక్కుకి అందకూడదు” అన్నాను. ఎన్నాళ్ళు ఇలా ఉంచాలండీ అని అడిగింది. “అవే చెబుతాయి” అన్నాను. అన్నాకే తెలిసింది, ఆ మాట నాది కాదు, మా మామ్మది. విసుగూ ధీమా కలిసిన ఆ గొంతు కూడా ఆవిడదే. ఆవిడ పోయి ఇన్నేళ్ళయ్యాక, ఎవరి పెరట్లోనో, నా నోట్లోంచి ఆవిడ మాట్లాడింది. కాఫీ తాగుదురుగాని లోపలికి రండని దేవి పిలుస్తున్నా, పెరటి మెట్టు మీదే చతికిలబడి కూర్చుండిపోయాను.

మా ఊరు రాజోలుకి కొంచెం ఎగువన, గోదారి వశిష్ఠ పాయ గట్టుని ఆనుకుని ఉండేది. గట్టు ఎక్కితే గోదారి, దిగితే మా కొబ్బరితోట, తోట చివర మా ఇల్లు. ఇంట్లో మా మామ్మ అందరికంటే ముందు లేచేది. నాన్నగారికి కాఫీ, పశువులకి కుడితి, మా జడలు, ఇవన్నీ తరవాత. ముందు కోళ్ళ గూటి తలుపు. రాత్రంతా మూసి ఉన్న ఆ గూడు తెరవగానే వెచ్చగా, ఘాటుగా ఒక వాసన వచ్చేది. వంటింట్లోంచి కొబ్బరి డొక్కల పొగ, తవుడు మీద వేడినీళ్ళు పోసినప్పుడు లేచే తియ్యటి ఆవిరి దానితో కలిసిపోయేవి. ఆ మూడూ కలిసిన వాసనకి పేరేమీ లేదు, ఏ సీసాలోనూ దొరకదు. నాకు తెల్లవారడం అంటే ఇప్పటికీ అదే. ఇప్పుడు అమలాపురంలో మా వాటాలో తెల్లవారుతుంది గానీ వాసన లేకుండా తెల్లవారుతుంది.

బయటికి వచ్చిన ప్రతి పెట్టనీ మామ్మ ఒడిసి పట్టి, తోక కింద వేలు పెట్టి చూసి, ఇవాళ గుడ్డు పెట్టేది ఏదో, పెట్టనిది ఏదో తేల్చి వదిలేది. “మా అమ్మకి కొడుకులు ఇంటికొచ్చేరో లేదో తెలీదు గానీ కోళ్ళు గూట్లోకొచ్చేయో లేదో తెలుస్తుంది” అని నాన్నగారు అందరి ముందూ ఆటపట్టించేవారు. “కొడుకులకి ఆకలేస్తే వాళ్ళే వస్తార్రా. నక్కకి కొడుకులు అక్కర్లేదు” అనేది ఆవిడ. తరవాత నూకల చేట పట్టుకుని పెరటి మధ్యలో నిలబడి “బా… బా… బా…” అని పిలిచేది. మామూలు మాట్లాడే గొంతు కాదది. ఎక్కడో గుండె లోపల నుంచి మెత్తగా మొదలై, చివరికి వచ్చేసరికి తోట అవతలి గట్టు దాకా వెళ్ళేది. అరటిబోదెల వెనక నుంచి, గడ్డిమేటు కింద నుంచి, సావిట్లో గేదెల కాళ్ళ మధ్య నుంచి కోళ్ళు రెక్కలు విప్పుకుని పరుగెత్తుకొచ్చేవి. ఆ పిలుపు మేం పిల్లలం పిలిస్తే సగం కోళ్ళు వచ్చేవి, సగం మమ్మల్ని లెక్కచేసేవి కావు.

శ్రావణమాసంలో గోదారి ఎర్రబడేది. ఎర్రనీరు వస్తే మాకు పండగలాగే ఉండేది. గట్టు మీద నిలబడి కొట్టుకొచ్చే దుంగల్ని చూడటం, బడి ఎప్పుడు మూసేస్తారా అని ఎదురుచూడటం. నదిలోని లంకల్లో ఉండేవాళ్ళకి అది పండగ కాదని నాకు తెలిసింది సత్యం వల్ల. సత్యం నా బళ్ళో నా బెంచీలో కూర్చునే పిల్ల. రోజూ పడవ దాటి వచ్చేది. వాళ్ళు లంకలో వంగ, దొండ పాదులు వేసుకుని బతికేవాళ్ళు. లేత దొండకాయలు పరికిణీ చెంగున మూట కట్టుకొచ్చి నాకు పెట్టేది. నాకు మా మామ్మ తరవాత అంత ఇష్టమైన మనిషి సత్యమే. ఆ యేడు నీరు ఎప్పటిలా వచ్చి పోలేదు, లంకల మీదికి ఎక్కేసింది. పడవల్లో జనం గట్టుకి చేరుతుంటే నాన్నగారు మా పశువుల సావిడి ఖాళీ చేయించి, వచ్చినవాళ్ళని ఉండమన్నారు. సాయంత్రానికి సత్యం వాళ్ళ అమ్మ వీరమ్మ గారు నెత్తిన మూటతో, వెనక సత్యం నెత్తిన గంపతో వచ్చారు. గంప మీద పాతచీర ముక్క కట్టి ఉంది. లోపల నాలుగు పిల్లపెట్టలు, అప్పుడప్పుడే తల్లిని వదిలే వయసువి. పొదగేసిన దగ్గర నుంచి సత్యమే పెంచినవి.

“తల్లి ఏదే?” అని అడిగాను.

“పాక మీదికెక్కి కూచుందే భానూ. ఎంత పిలిచినా దిగలేదు. పడవ ఆపమంటే మా నాన్న ఆపలేదు” అంది. ఏడవలేదు. చీరముక్క కొంచెం తొలగించి, పిల్లలు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని మళ్ళీ కప్పేసింది.

మామ్మ ఆ గంపని మా కోళ్ళ దగ్గరికి రానివ్వలేదు. “వరదలో తడిసొచ్చినవి. ఏ తెగులు ఉందో ఏమో, కొన్నాళ్ళు విడిగా ఉండనియ్యి” అని సావిడి అవతలి చూరు కింద పెట్టించింది. వాటికి మేత పెట్టిన చేత్తో మా వాటిని ముట్టుకోనిచ్చేది కాదు, కడుక్కుని రమ్మనేది. రోజూ వాటి కళ్ళు చూసేది, రెట్ట చూసేది, రెక్క ఎత్తి కింద పురుగు ఉందేమో చూసేది. నీరు తగ్గేదాకా సత్యం, నేను ఆ గంప పక్కనే కూర్చుని అన్నాలు తిన్నాం, ఎక్కాలు అప్పజెప్పుకున్నాం, పోట్లాడుకున్నాం. నా బతుకులో అంత సుఖపడిన రోజులు మరి లేవు. పక్కవాళ్ళ ఇల్లు మునిగిన రోజులు నాకు సుఖంగా గడిచాయని చెప్పడం బాగుండదు గానీ, జరిగింది అదే.

నీరు దిగాక వీరమ్మ గారి భర్త పడవేసుకుని వెళ్ళి చూసొచ్చాడు. పాక పోవడం కాదు, పాక ఉన్న నేలే పోయింది. ఒడ్డు విరిగి గోదార్లో కలిసిపోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఆ మాట చెబుతుంటే ఒంటి నిండా ఒండ్రు వాసన. సముద్రం వైపు వీరమ్మ గారి అన్నగారి ఇల్లుందిట. అక్కడ వలల పని దొరుకుతుందని బయల్దేరారు. ఒకరి ఇంటికి తలదాచుకోవడానికి వెళ్తూ కోళ్ళు కూడా తీసుకెళ్తే బాగుండదని వీరమ్మ గారు అంది. సత్యం ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్న నన్ను గంప దగ్గరికి తీసుకెళ్ళింది.

“వీటిని చూసుకోవే. నాలుగూ ఉండాలి. గుడ్లకొచ్చేసరికి నేను వచ్చి పట్టుకెళ్తాను. వీటిని ‘దా… దా…’ అని పిలవాలి. మీరు పిలిచినట్టు పిలిస్తే రావు” అంది. ఎలా పిలవాలో రెండుమూడు సార్లు నాచేత అనిపించింది. దా అన్న చోట గొంతు పైకి లేపకూడదుట, చివర్లో కిందికి దించాలిట. సరిగ్గా వచ్చేదాకా నన్ను వదల్లేదు. నాలుగూ బతికించి నీ చేతికి ఇస్తానని ఒట్టేశాను. దేవుడి మీద కాదు, మామ్మ మీద.

ఇక ఆ నాలుగింటినీ మా కోళ్ళలో కలిపే పని. ఎప్పటికీ గంప కింద ఉంచలేం, వదిలితే మావి ఊరుకోవు. నేను తొందరపడ్డాను. మామ్మ తొందరపడలేదు. ముందు గంపని తెచ్చి పెరటి మధ్యలో పెట్టింది. మొదటి పూట మా పెట్టలన్నీ మెడలు చాచి, మెడ ఈకలు విప్పి చుట్టూ తిరిగాయి. గంప సందుల్లోంచి పొడవబోయాయి. లోపలివి మధ్యకి జరిగి ముడుచుకున్నాయి. మామ్మ గంప అంచు వెంట నూకలు జల్లింది, లోపలా బయటా. “తిండి దగ్గర పక్కపక్కన నిలబడనియ్యి. తింటూ చూసిన మొహం మీద కోపం ఎంతసేపు ఉంటుందే” అంది. అలా చూసి చూసి, మావాటికి విసుగు పుట్టింది. గంప ఉన్న సంగతే మరిచిపోయి దాని పక్కనే మట్టిలో పొర్లడం మొదలుపెట్టాయి. ఆ రోజు మామ్మ నా వైపు చూసి తల ఊపింది. ఎన్నాళ్ళని నేను అడిగినప్పుడల్లా ఆవిడ అవే చెబుతాయన్నది దీని గురించే.

వాటిని పట్టపగలు వదల్లేదు. మునిమాపువేళ మా కోళ్ళు గూట్లో చేరి కళ్ళు మూసుకున్నాక, నాలుగింటినీ ఒక్కొక్కటే లోపల దూర్చింది. ఒక్కదాన్ని విడిగా పంపితే చంపేస్తాయి, నాలుగూ కలిసే ఉండాలంది. పొద్దున్న తలుపు తీసే ముందు పెరట్లో అక్కడక్కడా తవుడు మూకుళ్ళు పెట్టింది, ఒక దగ్గర తరిమితే ఇంకో దగ్గర తినేటట్టు. గోడకి కొబ్బరిమట్టలు ఏటవాలుగా చేరవేసింది, చిన్నవి దూరి దాక్కోవడానికి. ఇన్ని చేసినా మా మైలపెట్ట మాత్రం ఊరుకోలేదు. బూడిదరంగు ఈకల ముసలి పెట్ట, గూట్లో పైచోటు దానిదే. నాలుగింట్లో ఎర్రదాన్ని పట్టుకుని నెత్తి పొడిచి నెత్తురు కళ్ళజూసింది. నేను ఏడుస్తూ దాన్ని పట్టుకొస్తే, మామ్మ పసుపులో పొయ్యిమసి కలిపి గాయం మీద అద్దింది. ఎరుపు కనపడితే మిగతావి కూడా వచ్చి పొడుస్తాయిట. ఇక ఎర్రదాన్ని గంప కింద పెడుతుందనుకున్నాను. మైలపెట్టని పట్టి గంప కింద పెట్టింది.

“అదేంటి మామ్మా, అది మనదే కదా?”

“మనదే కాబట్టి దాన్నే పెట్టేను. దెబ్బలు తిన్నదాన్ని దాచేస్తే మళ్ళీ కొత్తదైపోతుంది. కొట్టినదాన్ని పక్కకి తీస్తే, తిరిగొచ్చేసరికి దీని చోటు కొంచెం జరుగుతుంది.”

అలాగే జరిగింది. గంప కింద నుంచి బయటికొచ్చిన మైలపెట్టకి మునుపటి పొగరు లేదు. అయినా ఒక చిక్కు మిగిలింది, అది నా వల్లే. మామ్మ “బా… బా…” అని పిలిస్తే మా కోళ్ళు పరుగెత్తేవి, సత్యం పెట్టలు కదిలేవి కావు. నేను సావిడి పక్కకి వెళ్ళి “దా… దా…” అని, సత్యం నేర్పినట్టే చివర దించి పిలిచేదాన్ని. నాలుగూ వచ్చేవి. వాటికి విడిగా నూకలు వేసేదాన్ని. అది చూసి మా పెట్టలు అక్కడికి వచ్చి వాటిని తరిమేవి. రోజూ ఇదే తంతు. ఒకరోజు మామ్మ నా చేతిలో చేట తీసేసుకుంది.

“నువ్వు వేరే పిలిచి వేరే పెట్టినన్నాళ్ళూ అవి వేరేవేనే భానూ. ఒక్క పిలుపుకి రావాలి, అప్పుడుగాని కలవవు.”

“మరి సత్యం వచ్చి పిలిచినప్పుడో? దానికి రావాలి కదా?”

మామ్మ చేటలో నూకలు చెరిగినట్టు కాస్త ఆడించింది. “ముందు బతకాలి కదమ్మా” అంది.

ఆ రోజు నుంచి రెండు పిలుపులూ కలిపి పిలవడం మొదలుపెట్టింది. “బా… బా… దా… దా…” సత్యం పలుకు మామ్మ నోట వింటే నాకు నవ్వొచ్చేది; పాపం దించాల్సిన చోట ఎత్తేది. మొదట్లో రెండూ సమానంగా ఉండేవి. తరవాత్తరవాత దా తగ్గిపోయింది. ఎప్పుడు పూర్తిగా ఆగిపోయిందో నేను గమనించలేదు. ఒక సాయంత్రం మామ్మ “బా… బా…” అనగానే ఎర్రపెట్ట అందరికంటే ముందు వచ్చి, మైలపెట్ట పక్కనే నిలబడి గింజ ఏరుకుంది. మైలపెట్ట దాన్ని ఏమీ అనలేదు. నాకు ఎంత సంతోషం వేసిందో అంత దిగులూ వేసింది. ఆ దిగులు మామ్మకి చెప్పుకుందామంటే, ఆవిడ అప్పటికే చేట దులుపుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చలికాలం వెళ్ళిపోతుండగా సత్యం వచ్చింది. మా ఊళ్ళో తెలిసినవాళ్ళ పెళ్ళికి వీరమ్మ గారు తీసుకొచ్చింది. పొడుగైంది, ఎండకి నల్లబడింది. నన్ను చూసి నవ్వి, మాట కూడా ఆడకుండా పెరట్లోకి పరుగెత్తింది. నాలుగూ ఉన్నాయి, నిగనిగలాడుతూ. వాటిల్లో మూడు అప్పటికే గుడ్లు పెడుతున్నాయి. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. సత్యం నుయ్యిగట్టు దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి “దా… దా…” అంది.

ఎర్రపెట్ట తలెత్తింది. ఒక అడుగు వేసినట్టే వేసి ఆగింది. మళ్ళీ మట్టి గీరుకోవడంలో పడిపోయింది. మిగతావి తల కూడా ఎత్తలేదు. సత్యం గొంతు ఇంకా మెత్తన చేసి పిలిచింది. నూకలు తెచ్చి దోసిట్లో పట్టుకుని పిలిచింది. నేను పక్కనే నిలబడి లోపల్లోపల ఆ పెట్టల కాళ్ళు పట్టుకుని బతిమాలుకున్నాను, ఒక్కసారి రండే, ఒక్కసారి వెళ్ళండే అని. అంతలో మామ్మ వంటింటి గుమ్మం దాటి ఒక మెట్టు దిగింది. ఆవిడ పిలవను కూడా లేదు, అడుగుల చప్పుడుకే నాలుగూ మిగతావాటితో కలిసి ఆవిడ కాళ్ళ దగ్గరికి పరుగెత్తాయి.

సత్యం దోసిట్లో నూకలు అక్కడే వదిలేసి లేచి, చేతులు పరికిణీకి తుడుచుకుంది. “బాగా బలిసేయే” అంది నాతో. వీరమ్మ గారు వెనక నుంచి, “ఆయ్, బాగా చూసేరండి. మా దగ్గరుంటే ఇంత ఉండేవి కావండి” అంది.

మామ్మ అంతా చూసింది. “గంపలో పెట్టిస్తాను, పట్టుకెళ్ళవే సత్యం. మనిషికి మల్లే కాదు, కోడికి తొందరగానే అలవాటవుతుంది. అక్కడా కొన్నాళ్ళు గంప కింద ఉంచితే…”

“వద్దండి మామ్మగారూ” అంది సత్యం. “అక్కడ మాకే ఇంకా అలవాటు అవలేదండి.”

వీరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.   మామ్మ లోపలికి వెళ్ళి, వెదురుబుట్ట అడుగున ఊక పోసి, కుండలోంచి ఒక్కొక్క గుడ్డూ తీసి వెలుతురుకి పెట్టి చూసి, బుట్టలో పేర్చుకుంటూ వచ్చింది. సత్యం పెట్టల గుడ్లే ఏరింది. మీ మామయ్య ఇంట్లో పొదుగుమీదున్న పెట్ట ఉందా అని అడిగింది. ఉందండి అంది సత్యం. బుట్ట దాని ఒళ్ళో పెట్టి, తల నిమిరి చెప్పింది.

“వీటిని అక్కడే పొదిగించుకో. అక్కడ పుట్టినవి అక్కడివే అవుతాయి. వాటిని ఎవరూ పొడవరు.”

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ బుట్ట రెండు చేతులా పట్టుకుని ఉంది సత్యం. నాకు చెయ్యి ఊపలేకపోయింది, చేతులు ఖాళీ లేక. తల ఊపింది. ఆ తరవాత వాళ్ళు మేనమామ ఊరు కూడా వదిలేశారని విన్నాను. ఎటు వెళ్ళారో చెప్పినవాళ్ళు లేరు. నా చదువు, నా పెళ్ళి, ఊళ్ళు మారడం, వీటిల్లో పడి నేనూ గట్టిగా వెతకలేదు. వెతకాలని తోచేసరికి అడగవలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ఇప్పుడు దేవి కోళ్ళని పిలవదు. ప్లాస్టిక్ మగ్గులో గింజలు వేసి గలగలలాడిస్తుంది, అవి వస్తాయి. ఎవరు ఆడించినా వస్తాయి. పక్కింటి అమ్మాయి ఆడించినా, నేను ఆడించినా. అది సుఖమే, కాదనను. ఇక్కడివి అక్కడికి, అక్కడివి ఇక్కడికి తీసుకెళ్ళినా చిక్కు లేదు. నాకు మాత్రం ఆ పెరడు కావాలి. ఒక్క గొంతుకే పరుగెత్తే ఆ కోళ్ళు, తెల్లవారి ఆ తవుడు ఆవిరి, నాకు ఒక్క ముక్క కూడా ఓపిగ్గా నేర్పకుండా అన్నీ నేర్పిన ఆ మామ్మ కావాలి. అన్నిటికంటే సత్యం కావాలి.

నిన్న దేవి ఫోన్ చేసింది. “కలిసిపోయేయండి పెద్దత్తయ్యగారూ. ఏవి పాతవో ఏవి కొత్తవో ఇప్పుడు నాకే తెలీట్లేదండి” అంది, నవ్వుతూ. మంచిదమ్మా అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నా వయసే కదా సత్యానిది, ఉండే ఉంటుంది. ఎక్కడో ఒక ఊళ్ళో, ఎవరో పెద్దావిడగా, అందరూ ఆ ఊరిదే అనుకునేంతగా ఉండి ఉంటుంది. ఎదురుపడితే నేను ముందు మంచీ చెడ్డా అడగను. ఆ బస్సు కుదుపులకి బుట్టలో గుడ్లు పగలకుండా చేరాయా, పిల్లలు లేచాయా అని అడుగుతాను.